తిరునాళ్ల కారు నేర్పే విద్య - బోరు మోటారు దగ్గర మాత్రం జాగ్రత్త

తిరునాళ్లలో కొన్న రిమోట్ కారు నెల తిరగకముందే అటక ఎక్కడం చాలా ఇళ్లలో మామూలే. ఒక చక్రం ఊడుతుంది, లేదా సెల్లులు అయిపోతాయి. కొత్త సెల్లులకు డబ్బులు అడిగితే తండ్రి కసురుతాడు. దాంతో దాని పని అయిపోయిందని పెద్దలు అనుకుంటారు. కాని ఇంటర్, ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివే కుర్రవాడి చేతిలో పడితే ఆ కారు అసలు పని అక్కడే మొదలవుతుంది. నాలుగు స్క్రూలు విప్పుతాడు. లోపల ఏముందో చూస్తాడు. దానికి లేని పనులు దాని చేత చేయించాలని చూస్తాడు.

దీన్ని పెద్దలు "బొమ్మను పాడు చేయడం" అంటారు. అందులో కొంత నిజం ఉంది. మొదటి రెండు మూడు బొమ్మలు పాడయ్యే తీరతాయి. అయితే రేడియో, కరెంటు, కంప్యూటరు మూడూ ఒకేచోట ఇంత చవకగా చేతికి దొరికేది ఆటకారులోనే. కాలేజీ పుస్తకంలో బొమ్మ గీసి వదిలేసిన విషయాలు ఇక్కడ చక్రాల మీద తిరుగుతూ కనిపిస్తాయి.

ఇక రైతు ఇంటి కుర్రవాడికి ఈ కారు విప్పాక మరో ఆలోచన రాక మానదు. బొత్తాం నొక్కితే కారు కదిలినప్పుడు, ఇదే రిమోట్‌తో బోరు మోటారు వేస్తే పోలా అని. ఆలోచన మంచిదే. అయితే ఆటవస్తువును ఉన్నదున్నట్టు తీసుకెళ్లి స్టార్టరుకు తగిలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ కారు లోపలి సంగతి తెలియాలి.

డప్పు దెబ్బల లెక్క

రిమోట్‌తో వస్తువును కదిలించడం కొత్త సంగతేమీ కాదు. నికోలా టెస్లా 1898లోనే న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో తీగ లేకుండా చిన్న పడవను నీటి తొట్టిలో నడిపి చూపాడు. నేటి తిరునాళ్ల కారు ఆ పడవకు మునిమనుమడే.

చవక రకం కార్లలో చాలావాటికి రిమోట్‌లో టీఎక్స్-2 అనే చిప్పు, కారులో ఆర్ఎక్స్-2 అనే చిప్పు ఉంటాయి. ఒకటి పంపుతుంది, రెండోది అందుకుంటుంది. ఇవి 27 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం మీద నడుస్తాయి. మన పెద్దలు రేడియోలో విన్న హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద, విజయవాడ కేంద్రం 837 మీద వచ్చేవి. కారు రిమోట్ కూడా అలాంటి ఒక చిన్న రేడియో స్టేషనే. కాకపోతే దానికి పాటలు రావు, మాటలు రావు. వచ్చింది డప్పు దెబ్బలు మాత్రమే.

ఊళ్లో డప్పు వినగానే అది దండోరానా, జాతరా, చావా అని ఇంట్లో కూర్చునే చెప్పగలం. దెబ్బ వరసే కబురు. ఈ చిప్పులదీ అదే పద్ధతి. ముందుగా నాలుగు పొడుగు దెబ్బలు వేస్తుంది. అంటే "విను, చెబుతున్నా" అని. ఆ తర్వాత పొట్టి దెబ్బలు. పది దెబ్బలైతే కారు ముందుకు పోవాలి. 40 అయితే వెనక్కు. 58 అయితే ఎడమకు, 64 అయితే కుడికి. పొడుగు దెబ్బకు సెకనులో 500వ వంతు, పొట్టి దెబ్బకు 1000వ వంతు కాలం పడుతుంది. కాబట్టి "ముందుకు" అనే కబురు మొత్తం 18 మిల్లీ సెకన్లలో పూర్తవుతుంది. బొత్తాం నొక్కి ఉంచినంతసేపూ సెకనుకు 50 సార్లకు పైగా అదే కబురు మోగుతూనే ఉంటుంది. మధ్యలో ఒకటి రెండు చెదిరినా కారు ఆగకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్క తెలిసిన కుర్రవాడికి రిమోట్‌తో పని లేదు. ఆ దెబ్బలు తానే వేయించగలడు. ఇందులో రహస్యం కూడా ఏమీ లేదు, చిప్పు తయారుచేసినవారే వరసంతా కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు.

కాని దీనిలో ఒక లోపం ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఈ దెబ్బల్లో "ఏం చేయాలి" అనేది ఉంది గాని "ఎవరు చెబుతున్నారు" అనేది లేదు. పక్కింటి పిల్లవాడు అదే రకం కారు కొంటే అతని రిమోట్‌కు మన కారు కదులుతుంది. దుకాణాల్లో 27 రకం ఒకటి, 40 లేదా 49 రకం ఒకటి వేరువేరుగా అమ్మేది రెండు కార్లు ఒకచోట ఆడుకోవడానికే. తర్వాత వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ కార్లలో రిమోటూ కారూ మొదట ఒకదాన్నొకటి గుర్తుపట్టి జత కడతాయి. పాత రకానికి ఆ తెలివి లేదు.

అరచేతిలో కంప్యూటరు

మొదటి మెట్టు చాలా తేలిక. రిమోట్ విప్పితే ప్రతి బొత్తాం కింద రెండు రాగి గీతలు కనిపిస్తాయి. బొత్తాం నొక్కితే నల్లటి రబ్బరు ముక్క ఆ రెంటినీ కలుపుతుంది. అంతే. రబ్బరుకు బదులు ఆ పని ఒక చిన్న ట్రాన్సిస్టరుకు అప్పగిస్తే వేలితో పనిలేకుండా కారు కదులుతుంది. రేడియో మరమ్మతు దుకాణంలో బీసీ 547 అని అడిగితే ఇస్తారు.

ఆ ట్రాన్సిస్టరుకు ఎప్పుడు కలపాలో, ఎప్పుడు విడదీయాలో చెప్పడానికే ఆర్డువినో అనే పలక. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఎలక్ట్రానిక్స్ రాని విద్యార్థుల కోసం దీన్ని తయారుచేశారు. అరచేతిలో ఇమిడే ఈ పలకలో చిన్న కంప్యూటరు ఉంటుంది. దీని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు, మామూలు సెల్‌ఫోన్‌తో పోలిస్తే అది లెక్కలోకే రాదు. అయినా కారు నడపడానికి అదే ఎక్కువ.

దీనికి రాసి ఇచ్చే ఆదేశాల చీటీనే ప్రోగ్రాం అంటారు. పేరు పెద్దగా ఉంది గాని ఇందులో బ్రహ్మవిద్య లేదు. ఇంట్లో తల్లి చిన్న పిల్లవాడిని కొట్టుకు పంపుతూ "తిన్నగా వెళ్లు, రావిచెట్టు దగ్గర కుడికి తిరుగు, ఉప్పు తీసుకుని రా" అని చెప్పినట్టే. ముందుకు రెండు సెకన్లు, కుడికి ఒక సెకను, మళ్లీ ముందుకు రెండు సెకన్లు, ఇలా నాలుగుసార్లు చేయమని రాస్తే కారు నలుచదరంగా తిరగాలి.

తిరగాలి గాని తిరగదు. అసలు చదువు ఇక్కడే ఉంది.

కొత్త సెల్లులు వేసిన రోజున ఒక సెకనుకు కారు మలుపు దాటి పోతుంది. సెల్లులు నీరసించిన రోజున సగం మలుపులోనే ఆగుతుంది. గచ్చు మీద ఒకలా, మట్టి అరుగు మీద ఒకలా పోతుంది. చెప్పిన పని చేశానా లేదా అన్నది కారుకు తెలియదు. అరక కట్టిన ఎద్దుకు సాలు చివర గట్టు కనిపిస్తుంది, అది తనంతట తాను మళ్లుతుంది. కారుకు ఆ చూపు లేదు. కళ్లకు గంతలు కట్టి అడుగులు లెక్కపెట్టి నడవమన్నట్టుగా ఉంటుంది దాని పని.

అందుకని రెండో మెట్టులో దానికి చూపు తెస్తారు. హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే పరికరం రెండు కళ్లలా ఉంటుంది గాని పనిచేసేది చెవిలా. మనకు వినపడని 40 కిలోహెర్ట్జ్ శబ్దం ఒకటి వదిలి, అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వచ్చేదాకా కాలం కొలుస్తుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కనుక వచ్చిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. గబ్బిలం చీకట్లో చింతచెట్టుకు గుద్దుకోకుండా ఎగిరేది ఈ కిటుకుతోనే. రెండు సెంటీమీటర్ల నుంచి నాలుగు మీటర్ల వరకు ఇది కొలుస్తుంది. చక్రానికి చిన్న అయస్కాంతం అతికించి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టించేవారూ ఉన్నారు. అప్పుడు కారు రెండు సెకన్లు కాక రెండు మీటర్లు పోతుంది. సెల్లు నీరసించినా లెక్క తప్పదు.

ఈ దశకు వచ్చేసరికి చాలామంది పాత చిప్పును పీకేసి, కారు మోటార్లు, పళ్లచక్రాలు మాత్రం ఉంచుకుంటారు. ఇక్కడ కొత్తవారు తరచు చేసే తప్పు ఒకటుంది. మోటారు తీగను నేరుగా ఆర్డువినో పలకకు కలుపుతారు. పలక ఒక్కో కాలు మీద 40 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు ఓర్చుకోదు. కారు మోటారుకు కొన్ని వందలు కావాలి, చక్రం ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ లాగుతుంది. పలక కాలిపోతుంది, డబ్బు పోతుంది. మధ్యలో ఎల్293డీ వంటి మోటారు డ్రైవరు చిప్పు పెట్టాలి. ఆజ్ఞ చిన్న తీగలో, బలం పెద్ద తీగలో పోవాలన్నది సూత్రం. బోరు స్టార్టరులోనూ ఉన్నది ఇదే సూత్రం.

మరో జాగ్రత్త. ఇప్పుడు చాలా బొమ్మల్లో పెన్సిల్ సెల్లులకు బదులు 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ వస్తోంది. దానికి సోల్డరు వేడి నేరుగా తగలనివ్వరాదు, మేకు గుచ్చరాదు, దొరికిన చార్జరు పెట్టరాదు. ఉబ్బినదాన్ని వాడనే వాడరాదు. అది మంట అంటుకుంటే నీళ్లు చల్లినంత మాత్రాన ఆరే రకం కాదు.

బోరు దగ్గరికి వస్తే

రైతుకు రిమోట్ అవసరం లేదని ఎవరూ అనలేరు. రాత్రి విడత కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట నడిచిన రోజులు అందరికీ గుర్తే. పాము భయం, తేలు భయం, తడి చేత్తో స్టార్టరు ముట్టుకునే భయం. ఈ నడక తప్పించుకోవడానికే పల్లెల్లో ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే మోటారు దానంతట అదే లేచేది. రైతు మంచం దిగనక్కరలేదు. అయితే ఫీడరులోని మోటార్లన్నీ ఒక్కసారే లేవడంతో ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం పడేది, అవసరం లేకున్నా నీరు తోడి పారబోసేవి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభించే ముందు, 2017లో, ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది ఇందుకే. అంటే కావలసింది తనంతట లేచే మోటారు కాదు, రైతు చెప్పినప్పుడే లేచే మోటారు.

ఇక్కడే కుర్రవాడికి ఆటకారు రిమోట్ గుర్తుకొస్తుంది. కారులోని ఆర్ఎక్స్-2 చిప్పు తీసి, దానికి ఒక రిలే తగిలించి, రిలే తీగలు స్టార్టరు పచ్చబొత్తానికి కలిపితే సరిపోతుందనిపిస్తుంది. నాలుగు మాటల్లో చెబితే ఎంత సులువో! ఒకటొకటిగా చూస్తే అడుగడుగునా గండమే.

మొదటిది దూరం. ఆటకారు రిమోట్ పాతిక, ముప్పై మీటర్లకు మించి ఆనదు. ఇంటి దగ్గర్నుంచి బోరుకు అది చాలదు. బలం పెంచి పెద్ద ఏరియల్ కడదామంటే రేడియో తరంగాలకూ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా వాడుకునే తరంగాలకు బలం ఇంతకు మించరాదన్న హద్దు ఉంటుంది.

రెండోది వోల్టేజీ. ఆ చిన్న నీలం రిలేల మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. మన పొలాల్లోని త్రీఫేజ్ స్టార్టర్లు చాలావాటిలో కాయిల్ రెండు ఫేజుల మధ్య, 415 వోల్టుల మీద పనిచేస్తుంది. అంటే పచ్చబొత్తం వెనుక ఉన్నది ఇంట్లో బల్బు కరెంటు కాదు. రిలే లోపలి ఎడం దానికి చాలదు. నిప్పురవ్వ దూకి అతుక్కుపోతే ఎర్రబొత్తం నొక్కి వదిలినా మోటారు మళ్లీ లేస్తుంది. ఆ కరెంటు ఆ చిన్న చిప్పులోకి, అక్కడినుంచి చేతిలోకి రావచ్చు. ఐదు హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఫేజుకు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. లేచేటప్పుడు అంతకు ఐదారు రెట్లు. ఇంతటి దాన్ని రిలే మీదుగా నేరుగా నడపబోయినవాడికి నల్లటి ముద్దే మిగులుతుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఇంతకుముందు చెప్పిన లోపమే. ఆ చిప్పుకు పిలిచింది ఎవరో తెలియదు. ఎవరో పిల్లవాడు కళ్లంలో కారు ఆడిస్తుంటే ఇక్కడ మోటారు లేవవచ్చు. స్టార్టరు వేసేటప్పుడు వచ్చే నిప్పురవ్వ కూడా రేడియోకు చప్పుడులాగే వినిపిస్తుంది. ఆటలో కారు అర్ధాంతరంగా ముందుకు ఉరికితే నవ్వుకుంటాం. బావిలో దిగి ఫుట్‌వాల్వు సరిచేస్తున్న మనిషి ఉండగా, బెల్టు మీద చేయి ఉండగా, కేబులు అతుకు చుడుతుండగా మోటారు లేస్తే నవ్వేవారు ఉండరు.

నాలుగోది, కారు లాగే మోటారు దగ్గరి పెట్టె కూడా గుడ్డిదే. బోరులో నీళ్లు ఉన్నాయా, మూడు ఫేజులూ వచ్చాయా అన్నది దానికి తెలియదు. ఒక ఫేజు పోయినా లాగమంటే లాగిస్తుంది. తర్వాత వైండింగు షాపువాడికి పండగ.

సెల్‌ఫోన్ తెచ్చిన మార్పు

ఈ చిక్కులకు దారి చూపింది సెల్‌ఫోన్. ఫోనులో ఒక్కో అంకె నొక్కితే ఒక్కో రకం కూత వినిపిస్తుంది. ఆ కూత రెండు స్వరాల కలయిక. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ స్వరాలు కలిసి మోగుతాయి. ఎంటీ8870 అనే చిప్పు ఈ కూత విని ఏ అంకెో చెబుతుంది. కారు మీద ఒక పాత ఫోను కట్టి, దానికి ఇంకో ఫోనుతో కాల్ చేసి, అంకెలు నొక్కి కారు నడపడం ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏళ్ల తరబడి విద్యార్థులు చేసిన ప్రాజెక్టు. దూరం చిక్కు దీంతో తీరింది. ఊరు దాటినా, జిల్లా దాటినా పనిచేస్తుంది. పైగా ఫోనుకు పిలిచేవాడి నంబరు తెలుస్తుంది. డప్పుకు లేనిది ఇదే.

పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ తయారుచేసిన నానో గణేశ్ ఈ దారిలో పేరు తెచ్చుకుంది. మోటారు వేయడానికి తన తాత పొలం దాకా పడే అవస్థ చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. పొలంలో స్టార్టరుకు జతచేసిన పెట్టెకు ఫోను ద్వారా ఆజ్ఞ పోతుంది. 2009లో నోకియా నిర్వహించిన పోటీలో దీనికి బహుమతి వచ్చింది. తర్వాత ఈ రకం మొబైల్ స్టార్టర్లు పలు కంపెనీలవి బజారులోకి వచ్చాయి.

మంచి మొబైల్ స్టార్టరులో ఆటకారుకు లేనివి ఏమున్నాయో కొనేముందు అడిగి చూసుకోవాలి. రైతు నమోదు చేసిన నంబర్ల మాటే వినాలి. మూడు ఫేజులూ సరిగా ఉంటేనే మోటారు వేయాలి. నీళ్లు లేక ఒట్టిగా తిరిగితే ఆపేయాలి. వేశాక "వేశాను" అని తిరిగి కబురు చెప్పాలి. ఈ చివరిది చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని నలుచదరంగా తిరగలేని కారును చూసినవాడికి దీని విలువ తెలుస్తుంది. సిమ్ సంగతి కూడా చూసుకోవాలి. 2జీ మీద పనిచేసే పెట్టెలో జియో సిమ్ వేస్తే లాభం లేదు, జియోకు 2జీ లేదు.

ఏ స్టార్టరు పెట్టినా ఒక పాత అలవాటు మానకూడదు. మోటారు మీద చేయి వేసేముందు మెయిన్ ఆపి, ఫీజులు మూడూ పీకి జేబులో వేసుకోవాలి. జేబులో ఫీజులుంటే ఇంట్లో ఉన్నవాడు పొరపాటున ఫోను నొక్కినా మోటారు లేవదు.

కుర్రవాళ్ల మాటకు వస్తే, వారిని బోరు దగ్గర ఆపాలి గాని బల్ల దగ్గర ఆపనక్కరలేదు. నీతి ఆయోగ్ 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల పేరిట 6 నుంచి 12 తరగతుల వారికోసం బడుల్లో ఇలాంటి పరికరాలు పెట్టిస్తోంది. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం ఇది. ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబులు ఐదేళ్లలో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. దగ్గరి బడిలో ఉందేమో, ఉన్నది తాళం తీసి ఉందేమో తల్లిదండ్రులు ఒకసారి వెళ్లి కనుక్కోవడం మంచిది.

ల్యాబు లేకున్నా ఇంట్లో చేయదగినవి ఉన్నాయి. దూరం కొలిచే ఆ రెండు కళ్ల పరికరాన్ని మిద్దె మీది నీళ్ల తొట్టి మూతకు బిగించి, నీరు పైకి రాగానే కింద గంట మోగేలా చేయవచ్చు. అంతా ఐదు వోల్టుల మీదే నడుస్తుంది, చేయి తగిలినా ప్రమాదం లేదు. తొట్టి పొంగి గోడ నానడం తప్పుతుంది. కారులోంచి పీకిన మోటారుకు చిన్న రెక్క బిగించి, అరటి పాదుకు చెంబెడు నీళ్లు పోయించవచ్చు. మట్టి తడి చూసి మోటారు ఆగేలా ప్రోగ్రాం రాయాలంటే ఇరవై వరసలు చాలు. ఆ ఇరవై వరసలు కుదరడానికి ఒక వేసవి సెలవులు పట్టవచ్చు.